చిన్నబాపు పాటలో జుయ్‌మనే చప్పుడు

(నేర్చుకున్న పనులు – 14)

మొన్న రాత్రి పదకొండు దాటాక మా చెల్లె ఫోన్ చేసింది. చిన్నబాపు బిడ్డ.

"అన్నా, నువ్వు పంపిన పాట విన్న. బాపు గొంతే. కానీ చివర్ల ఆ జుయ్ ఏందన్నా? తేనెటీగ లోపల ఇరికినట్టున్నది. దాన్ని తీసెయ్యరాదా?"

తీయలేనమ్మా అని చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఎందుకు తీయలేనో చెప్పడానికి ఈ పోస్టు మొత్తం పడుతుంది. ఓపికుంటే చదవండి. ముఖ్యంగా ఇంట్లో పాత క్యాసెట్లు ఉన్నవాళ్లు, హాస్టల్ గదిలో సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుని వార్డెన్‌కి దొరక్కుండా తిరిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు.

చిన్నబాపు తొంభైలలో సభల్లో పాడేవాడు. డప్పు ఆయనే వాయించేవాడు, పాట ఆయనే ఎత్తుకునేవాడు. స్టూడియో మొహం ఎన్నడూ చూడలేదు. స్టేజి కింద ఎవరో ఒకరు టేప్ రికార్డర్ పట్టుకుని కూర్చుని నొక్కిన క్యాసెట్లే మిగిలినవి. ఆయన పోయాక పిన్ని ట్రంకు పెట్టె తెరిస్తే చీరల కింద, బిస్కెట్ డబ్బాలో 23 క్యాసెట్లు. కొన్నిటి మీద ఊరి పేరు, తారీఖు. కొన్నిటి మీద ఏమీ లేదు. ఆయన గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

క్యాసెట్ అంటే సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన అయస్కాంతపు పొడి. ఏళ్లు గడిచేకొద్దీ పొడి రాలుతుంది, పట్టీ అంటుకుంటుంది. ప్లే చేసిన ప్రతిసారీ అది ఆఖరిసారి కావచ్చు. అందుకే తొందరగా కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకున్నాను. బయట ఇవ్వడానికి డబ్బుల సంగతి ఒకటి, ఉన్న ఒక్క కాపీని పరాయి చేతిలో పెట్టాలంటే భయం ఒకటి. పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న ఎలక్ట్రానిక్స్ తుప్పు పట్టి ఉంది. సరే, ఆ తుప్పు వదిలిద్దాం అనుకున్నాను.

కోఠి గుజరాతీ గల్లీకి పోయి ఒక పీసీఎం 1808 బోర్డు తెచ్చాను. వేలెడంత బోర్డు. టేప్ రికార్డర్ నుంచి వచ్చే శబ్దం ఊగే వోల్టేజీ కదా, ఈ చిప్ దాన్ని సెకనుకి 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఒక్కో కొలత 24 బిట్లు. ఆ అంకెలను ఒక ఈఎస్‌పీ 32 బోర్డు అందుకుని మెమరీ కార్డులో రాస్తుంది. రాస్తూనే వైఫై మీద నా లాప్‌టాప్‌కి కూడా పంపేలా ప్రోగ్రాం రాసుకున్నాను. అంతా బాగుంది. కరెంటు సంగతే ఆలోచించలేదు. డ్రాయర్‌లో పడి ఉన్న ఫోన్ చార్జర్ తీసి గుచ్చాను. ఐదు వోల్టులంటే ఐదు వోల్టులే కదా!

నాలుగు రోజుల్లో 11 క్యాసెట్లు ఎక్కించాను. ఫోన్ స్పీకర్‌లో విన్నాను. బాగానే ఉందనిపించింది. ఫోన్ స్పీకర్ చిన్నది, 100 హెర్ట్జ్ దగ్గరి బరువైన స్వరాలు అది పలకనే పలకదు. కొంచెం జుయ్‌మన్నా పాత క్యాసెట్ గుణం అనుకున్నాను. ఆ సంబరంలో ఇద్దరు మిత్రులకు వినిపిద్దామని నాలుగో క్యాసెట్ మళ్లీ పెట్టాను. పాట చివరికి వచ్చేసరికి టేప్ రికార్డర్ పట్టీని నమిలేసింది. నేను బటన్ నొక్కేలోపు రెండు నిమిషాల పాట పొడవు పట్టీ రోలర్‌కు చుట్టుకుని నలిగిపోయింది.

పర్లేదు, ఆల్రెడీ ఎక్కించాను కదా అనుకుని ఆ రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. అప్పుడు వినిపించింది. పాట మొత్తం కింద జుయ్ అని ఒకటే మోత. దాని మీద టిక్ టిక్ టిక్ అని, ఎవరో గోటితో గీకుతున్నట్టు ఇంకో చప్పుడు. 11 క్యాసెట్లలోనూ అదే.

కంప్యూటర్‌లో ఫిల్టర్ వేసి తీసేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ ఆ పనే చేశాను. ఆడాసిటీలో స్పెక్ట్రమ్ చూస్తే 100, 200, 300, 400 హెర్ట్జ్ దగ్గర మేకులు దిగ్గొట్టినట్టు గీతలు. మన ఇంట్లో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. చార్జర్ లోపల దాన్ని ఒకే దిక్కుకి మళ్లిస్తే ఆ ఊగుడు 100 అవుతుంది. ఇక మగవాళ్ల గొంతు మూల స్వరం ఎక్కడుంటుంది? ఉజ్జాయింపుగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య. డప్పు దెబ్బలో దద్దరిల్లే భాగమూ ఆ చుట్టుపక్కలే. 100 దగ్గర కోస్తే చిన్నబాపు గొంతు కూడా తెగుతుంది. కలిపేటప్పుడు ఒక్క క్షణం, విడదీయడం మాత్రం ఎప్పటికీ కాదు. పాలల్లో పడ్డ నీళ్ల లాంటిది ఇది.

అప్పుడు కూర్చుని చదివాను. చిప్ డేటాషీట్ మొదటిసారి పూర్తిగా చదివాను. చదివితే తెలిసింది, తప్పు ఒకటి కాదు, నాలుగు.

మొదటి తప్పు: కొలిచే కుంచం సంగతి మర్చిపోవడం

ఈ చిప్‌కి రెండు రకాల కరెంటు కావాలి. అంకెల పని చేసే సగానికి 3.3 వోల్టులు. శబ్దాన్ని కొలిచే సగానికి 5 వోల్టులు. ఆ 5 వోల్టులను చిప్ లోపల సగానికి పంచి, వచ్చిన రెండున్నర వోల్టులనే కొలబద్దగా పెట్టుకుంటుంది. దాని పేరు వీరెఫ్. బయట నుంచి ఏ వోల్టేజీ వచ్చినా ఈ కొలబద్దతోనే కొలుస్తుంది.

గింజల కూలి రోజులు మా అమ్మ చెప్పేది. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, తీసుకునేటప్పుడు ఒక కుంచం. కుంచమే మారుతుంటే కూలి ఎంతొచ్చిందో ఎట్లా తెలుస్తుంది? ఇక్కడా అదే లెక్క. 5 వోల్టులు ఊగితే కుంచం ఊగుతుంది. కుంచం ఊగితే గొంతు సరిగ్గానే ఉన్నా కొలత తప్పవుతుంది.

ఎంత ఊగితే నష్టం? చిప్ ఒక చివర నుంచి ఇంకో చివరకి 3 వోల్టుల ఊగుడు కొలుస్తుంది. దాని రొద నిష్పత్తి 99 డెసిబెల్ అని రాసి ఉంది. లెక్క వేస్తే చిప్ సొంత రొద పది పన్నెండు మైక్రో వోల్టులు. చవక చార్జర్‌లో పదుల మిల్లీ వోల్టులు ఊగడం మామూలే. మిల్లీకి మైక్రో వెయ్యి రెట్లు చిన్నది. అందులో కొంత భాగమే లోపలికి చేరినా చిప్ సొంత రొదను ముంచేస్తుంది.

ఇక్కడ ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, క్యాసెట్‌కే 50 డెసిబెల్ చుట్టూ రొద ఉంటది. చిప్‌కి 99 ఎందుకు?" మంచి ప్రశ్న. క్యాసెట్ రొద హిస్ అని వాన కురిసినట్టు అన్ని స్వరాల్లో సమంగా పరుచుకుని ఉంటుంది. చెవి దాన్ని కాసేపటికి పక్కన పెడుతుంది. జుయ్ అనేది ఒకే స్వరం. చెవి దాన్ని వదలదు. పైగా దూరం నుంచి రికార్డు చేసిన పాటకి గట్టిదనం పెంచితే దానితోపాటు జుయ్ కూడా పెరుగుతుంది.

రెండో తప్పు: చార్జర్ తీసేస్తే సరిపోతుందనుకోవడం

చార్జర్ తీసి పవర్ బ్యాంక్ పెట్టాను. 100 హెర్ట్జ్ మేకులు పోయాయి. పండగ చేసుకున్నాను. మళ్లీ వింటే కీచుమని సన్నని చప్పుడు, టిక్ టిక్ అలాగే ఉంది. పవర్ బ్యాంక్ లోపలి సెల్ 3.7 వోల్టులే. దాన్ని 5కి ఎత్తడానికి లోపల ఒక స్విచ్ సెకనుకి లక్షల సార్లు కొట్టుకుంటుంది. లోడు తక్కువైనప్పుడు అది విడతలు విడతలుగా ఆగి ఆగి కొడుతుంది. ఆ విడతలు చెవికి వినిపించే స్వరాల్లోకి దిగుతాయి.

సరే, రెగ్యులేటర్ పెడదామని ఏఎంఎస్ 1117, ఐదు వోల్టులది తెచ్చి మధ్యలో పెట్టాను. అది ఇంకో తెలివితక్కువ పని. ఆ రెగ్యులేటర్ తన పనికి ఒక వోల్టు పైన మింగుతుంది. ఐదు ఇచ్చి ఐదు అడిగితే నాలుగు చుట్టుపక్కలే చేతిలో పెడుతుంది. చిప్‌కి కనీసం 4.5 ఉండాలి. వోల్ట్ మీటర్ పెట్టి చూడకపోతే ఇది కూడా తెలిసేది కాదు.

చివరికి చేసింది ఇది. రెండు 18650 సెల్లు సిరీస్‌లో, రక్షణ బోర్డుతో సహా. నిండుగా ఉంటే 8.4 వోల్టులు. రక్షణ బోర్డు లేకుండా లిథియం సెల్లు ముట్టుకోకండి, హాస్టల్ గదిలో అసలే వద్దు. అక్కడి నుంచి రెండు దారులు. ఒక దారి స్విచింగ్ బోర్డు మీదుగా ఈఎస్‌పీ 32కి. దానికి మోటు కరెంటు చాలు. రెండో దారి చిప్‌కి మాత్రమే. అందులో ముందు 10 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత భూమికి 100 మైక్రో ఫారాడ్ కెపాసిటర్, ఆ తర్వాత ఎల్‌పీ 2950 అనే 5 వోల్టుల రెగ్యులేటర్. ట్రాన్సిస్టర్ లాగా మూడు కాళ్లతో ఉంటుంది. తన పనికి అర వోల్టు కూడా మింగదు. చిప్ తాగేది పది మిల్లీ యాంపుల చిల్లర. 10 ఓమ్‌ల మీద పోయేది పదో వంతు వోల్టు. నష్టం లేదు.

రెగ్యులేటర్ ఉండగా ఆ రెసిస్టర్, కెపాసిటర్ ఎందుకు? రెగ్యులేటర్ నెమ్మది ఊగుళ్లను బాగా అణుస్తుంది. లక్ష హెర్ట్జ్ వేగంతో వచ్చే స్విచింగ్ ఊగుడును పట్టుకునే సత్తా దానికి తగ్గిపోతుంది, అది దాటి లోపలికి వస్తుంది. 10 ఓమ్‌లు, 100 మైక్రో ఫారాడ్ కలిస్తే 159 హెర్ట్జ్ పైనున్న ఊగుళ్లను అణచడం మొదలుపెడతాయి, వేగం పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా. ఒకరు వదిలేసింది ఇంకొకరు పట్టుకుంటారు. పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మరీ వేగానికి అలిసిపోతుంది కాబట్టి దాని పక్కన 0.1 మైక్రో ఫారాడ్ సెరామిక్ ఒకటి. ఫెరైట్ బీడ్ పెడితే అన్నీ పోతాయని చెప్పేవాళ్లున్నారు. అది మెగాహెర్ట్జ్‌ల దగ్గర పనిచేసే సామాను. 100 హెర్ట్జ్ జుయ్‌కి అది మామూలు తీగ ముక్కే.

ఇంకో మాట. ఎల్‌పీ 2950 లాంటి పాత రకం రెగ్యులేటర్ వెనక సెరామిక్ కెపాసిటర్ ఒక్కటే పెడితే అది తనంతట తనే ఊగడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. 10 మైక్రో ఫారాడ్ ఎలక్ట్రోలైటిక్ పెట్టండి. డేటాషీట్‌లో కెపాసిటర్ గురించి రాసిన పేరా చదవకుండా దాటకండి.

మూడో తప్పు: అందరినీ ఒకే సన్న తీగ మీద నడిపించడం

ఇంత చేసినా టిక్ టిక్ తగ్గింది కానీ పోలేదు. లెక్కపెడితే సెకనుకి దాదాపు పది. వైఫై రౌటర్ 102.4 మిల్లీ సెకన్లకోసారి నేనున్నానని కేక వేస్తుంది. ఆ కేక వినడానికి ఈఎస్‌పీ 32 లేచినప్పుడల్లా ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. తిరిగి కేక వేసేటప్పుడు 200 మిల్లీ యాంపులు దాటుతుంది. మెమరీ కార్డు రాసేటప్పుడు దానిది ఇంకో గుంజుడు.

కానీ చిప్‌కి వేరే దారి ఇచ్చాను కదా? పోయే దారి వేరే ఇచ్చాను. వచ్చే దారి? అంటే గ్రౌండ్ తీగ? బ్రెడ్‌బోర్డు మీద ఒకే సన్న జంపర్ తీగ. ఈఎస్‌పీ 32 కరెంటూ, చిప్ కరెంటూ దాంట్లోంచే తిరిగొస్తున్నాయి.

మా వాడ కరెంటు లైన్‌కి చిట్టచివర. ట్రాన్స్‌ఫార్మర్ ఊరి నడిమిట్ల. సాయంత్రం ఊళ్లో మోటార్లు వేయగానే మా ఇంట్లో బల్బు ఎర్రబడేది. పరీక్షల రోజుల్లో పుస్తకం బల్బు కిందికి జరుపుకుని చదివేవాళ్లం. బల్బు తప్పు కాదు, మేం ఎక్కువ వాడిందీ లేదు. తీగ సన్నది, పొడుగుది. అందరి కరెంటూ దాంట్లోంచే. ముందువాళ్లు గుంజితే చివరివాళ్లకి తగ్గుతుంది. చిన్నప్పుడు రోజూ కళ్లారా చూసిన సంగతి నా టేబుల్ మీద బోర్డులో గుర్తుపట్టడానికి నాకు వారం పట్టింది.

లెక్క చూడండి. జంపర్ తీగ, బ్రెడ్‌బోర్డు పట్టు కలిపి 0.05 ఓమ్ అనుకుందాం. 200 మిల్లీ యాంపులు పోతే 10 మిల్లీ వోల్టులు. చిప్ తన నేల అనుకుని నిలబడ్డ చోటే 10 మిల్లీ వోల్టులు ఎగిరి పడుతోంది. చిప్ సొంత రొదకి అది వందల రెట్లు.

మందు చాలా చవక. బ్రెడ్‌బోర్డు తీసేసి సోల్డర్ చేశాను. ఈఎస్‌పీ 32 గ్రౌండ్‌కి బ్యాటరీ దాకా లావు తీగ విడిగా, చిప్ గ్రౌండ్‌కి విడిగా. అంకెల తీగలన్నీ పొట్టిగా, వాటి పక్కనే వాటి గ్రౌండ్. చిప్ కరెంటు కాళ్ల దగ్గర 0.1, 10 మైక్రో ఫారాడ్ కెపాసిటర్లు వీలైనంత దగ్గరగా. రెండంగుళాల దూరంలో పెట్టిన కెపాసిటర్ వేగమైన ఊగుళ్లకు లేనట్టే, ఆ తీగ పొడవే అడ్డం. వీరెఫ్ కాలి దగ్గర కూడా అంతే. కుంచం కదలకుండా పట్టుకునే చెయ్యి అది.

అన్నిటికన్నా చవక మందు ఇంకోటుంది. రికార్డు చేసేటప్పుడు వైఫై ఆపేశాను. కార్డులో రాస్తే చాలు, తర్వాత కాపీ చేసుకుంటాం. కేకే లేకపోతే టిక్ ఎక్కడిది? లాప్‌టాప్ యూఎస్‌బీ తీగ కూడా పీకేశాను. టేప్ రికార్డర్‌ని గోడ ప్లగ్గు మీద కాకుండా సెల్లు వేసి నడిపాను. 50 హెర్ట్జ్ దగ్గర ఒక చిన్న గీత మిగిలి ఉండేది, అదీ పోయింది.

నాలుగో తప్పు: ముందుగా నిశ్శబ్దాన్ని వినకపోవడం

అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. దీనికి డబ్బులు అవసరం లేదు, తెలివీ అవసరం లేదు. విలువైన క్యాసెట్ పెట్టకముందు ఐదు నిమిషాలు ఖాళీగా రికార్డు చేయాలి. బోర్డు ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి కలిపేసి రికార్డు చేసి స్పెక్ట్రమ్ చూడాలి. 50 దగ్గర గీత ఉంటే తీగల చుట్టల నుంచో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉండటం వల్లో అని వెతకాలి. 100, 200, 300 ఉంటే కరెంటు సప్లై. సెకనుకి పది టిక్కులుంటే రేడియో.

అది శుభ్రంగా వచ్చినా ఇంకో పరీక్ష ఉంది. నిశ్శబ్దాన్ని ఏ కుంచంతో కొలిచినా సున్నాయే కదా! కుంచం తప్పు గింజలు పోసినప్పుడే బయటపడుతుంది. అందుకని ఫోన్ నుంచి 1000 హెర్ట్జ్ స్వరం ఒకటి పంపి రికార్డు చేయాలి. దానికి అటూ ఇటూ 900, 1100 దగ్గర చిన్న గీతలు మొలిస్తే వీరెఫ్ 100 హెర్ట్జ్‌తో ఊగుతున్నట్టు. ఏమీ మొలవకపోతే, అప్పుడు క్యాసెట్ పెట్టండి.

నేను అదంతా పాట పోయాక చేశాను.

తర్వాత 11 క్యాసెట్లూ మళ్లీ ఎక్కించాను. పది బాగా వచ్చాయి. నాలుగోది విప్పి, తెగిన చోట స్ప్లైసింగ్ టేప్‌తో వెనక వైపు అతికించాను. మామూలు సెల్లో టేప్ వాడకండి, దాని జిగురు కారి పక్క చుట్టలకు అంటుకుంటుంది. క్యాసెట్ పట్టీ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. రెండు సెంటీమీటర్లు కోసి పారేసినా పోయేది అర సెకను కంటే తక్కువే. కానీ నలిగిన భాగం నలిగినట్టే. మొదటి వైపు చివర నలిగితే రెండో వైపు మొదలు కూడా పోతుంది, పట్టీ ఒకటే కదా. రెండో వైపు మొదట్లో ఎవరో మైక్ టెస్టింగ్ అంటున్నాడు, పోతే పోయింది. మొదటి వైపు చివర చిన్నబాపు పాట ఆఖరి చరణం. ఆ రెండు నిమిషాలకు మాత్రం జుయ్‌మనే పాత రికార్డే దిక్కు.

చెల్లెకి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "ఫిల్టర్ ఎయ్యకు అన్నా. బాపు గొంతు తెగుతదన్నవు గదా. జుయ్‌తోనే ఉండనియ్. మిగిలిన పన్నెండూ జాగ్రత్త."

మిగిలిన పన్నెండూ వచ్చే ఆదివారం నుంచి మొదలు. ఇద్దరు హాస్టల్ తమ్ముళ్లు, ఒక చెల్లె సాయానికి వస్తామన్నారు. మొదటి రోజు ఒక్క క్యాసెట్ కూడా పెట్టం. నిశ్శబ్దం, 1000 హెర్ట్జ్ స్వరం, అంతే.

మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి డబ్బాలు ఉంటాయి. సభలవి, పెళ్లి పాటలవి, నాయనమ్మ కథలవి. ఉన్నాయో లేవో చూద్దామని ప్లే చేయకండి. నీడలో, పొడిగా, నిలువుగా పెట్టండి. రికార్డు చేసే సామాను తయారయ్యాక, అది ఏమీ వినిపించనప్పుడు నిజంగానే ఏమీ వినిపించడం లేదని తేలాక, అప్పుడు బయటికి తీయండి. బోర్డు బొమ్మ, తీగల లెక్క కావాలంటే కింద అడగండి. చేత్తో గీసింది ఉంది, ఫొటో తీసి పెడతాను.